ఒక డబ్బా, రెండు తెరలు

“ఒకడు కూర్చుంటే రెండోవాడు చేతులు కట్టుకుని నిలబడాలా? ఇదేం మిషనయ్యా?”

పుష్పావతి గొంతుకి బయట మామిడికాయలు దించుతున్న కూలీలు కూడా తలెత్తి చూశారు.

బెజవాడ నుంచి కంప్యూటర్లు అమ్మడానికి వచ్చిన ఆరోగ్యం ఓపిగ్గా చెప్పాడు. “డాస్ అంటే అంతేనండీ. ఒక మిషను, ఒక మనిషి. అందుకే అబ్బాయిలిద్దరికీ రెండు మిషన్లు చెప్పానండి. నేర్చుకోవడం తేలిక. ఒకటి చెడినా రెండోది నడుస్తుంది.”

“మరి ఇందాక ఇంకోటేదో అన్నావు?”

“యూనిక్స్ అండి. అసలు డబ్బా ఒక్కటే ఉంటుంది. దానికి రెండు తెరలు, రెండు కీబోర్డులు తగిలిస్తాం. ఇద్దరూ ఒకేసారి పనిచేసుకోవచ్చు. ఎవరి పేరు, ఎవరి పాస్‌వర్డ్ వాళ్ళది. కానీ డబ్బా ఆగితే ఇద్దరి పనీ ఆగుతుందండి. ఖరీదు కూడా బాగా ఎక్కువ.”

“అదే పంపించు.”

పెద్దకొడుకు నారాయణరావు గల్లాపెట్టె దగ్గర్నుంచి లేచాడు. నూజివీడులోని ఆ మామిడికాయల కమీషన్ కొట్టు తండ్రి పోయాక తల్లి పేరు మీదే ఉంది. నడిపేది మాత్రం అతనూ, తమ్ముడు సుబ్రహ్మణ్యమూ. కలకత్తా లారీలు బయల్దేరే వేళకి బిల్లులు తయారవడం లేదని కంప్యూటరు కావాలన్నదీ వాళ్ళే.

“నీకేం తెలుసమ్మా? ఎవర్నడిగినా డాసే కొనమంటున్నారు. అది తెలిసిన కుర్రాళ్ళు బెజవాడలో ఎంతమందైనా దొరుకుతారు. యూనిక్స్ తెలిసినవాణ్ణి ఎక్కణ్ణించి తెస్తాం?”

“అన్నయ్య చెప్పింది నిజం,” అన్నాడు సుబ్రహ్మణ్యం. “నిండు సీజన్లో ఆ డబ్బా చెడితే ఇద్దరం గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవాలి.”

“ఈ ఒక్క విషయంలో బాగానే కలిశార్రా,” అంది పుష్పావతి. ఆమె ముఖం ఎర్రబడింది. “చెడితే కూర్చోండి. మీ నాన్నా, బాబాయీ ఒక్క కాటా పెట్టుకుని ఇంత వ్యాపారం చేశారు. అది మొరాయిస్తే ఇద్దరూ కలిసే బాగుచేసుకున్నారు. మీకు మాత్రం తలకోటి కావాలా?”

“కాటాకీ కంప్యూటరుకీ పోలికేంటి?” నారాయణరావు విసుక్కున్నాడు. “అంత పోసి తలనొప్పి కొనుక్కుంటామా? నాన్నుంటే ఒప్పుకునేవాడా?”

“ఆయన పేరెత్తకు. ఆయనే ఉంటే ఈ బేరం దాకా వచ్చేదే కాదు. కొట్టు నా పేరు మీదుంది. నేను సంతకం పెట్టేది దానికే.”

“అయితే ఆ మిషను ముందు నువ్వే కూర్చో.” నారాయణరావు చెప్పులు టకటకలాడించుకుంటూ వెళ్ళిపోయాడు. తల్లిని ఒక్క చూపు చూసి సుబ్రహ్మణ్యం కూడా బయటికి నడిచాడు. లారీ దగ్గర ఇద్దరూ చెరో వైపు నిలబడ్డారు.

ఆరోగ్యానికి ఇబ్బందిగా అనిపించింది. పెద్ద బేరమే తగిలినా, చేతిలోని ఆర్డరు కాగితం ముందుకు చాపలేకపోయాడు.

“నిజం చెప్పాలంటేనండీ, మీ కొట్టుకి డాస్ చాలు. ముసలావిడకి ఖరీదైంది అంటగట్టి పోయాడని రేపు మీ అబ్బాయిలు నన్ను తిడతారు. అంతగా దీంట్లో మీకేం నచ్చిందండీ?”

పుష్పావతి కాగితం లాక్కుని సంతకం పెట్టింది. తిరిగి ఇస్తూ లారీ దగ్గరున్న కొడుకుల వైపు చూసింది. ఇందాకటి కోపం గొంతులో లేదు.

“ఒక్కటే డబ్బా కదా బాబూ, వేరుపడటానికి కుదరదు.”