రెండో నాడె

“నెల దినాలు చూస్త వదినె. చీర దిగకుంటే మగ్గం ఇప్పుకపోత,” అని తేల్చేశాడు మరిది వెంకట్రాములు.

భాగ్యమ్మ తల ఊపింది. మగ్గం పోతే కూలికి పోవడమే.

భర్త చెన్నయ్య పోయి నెలన్నర. గద్వాలలో పేరున్న నేతగాడు. కొత్తకోట వాళ్ల కోసం అతను సగం నేసిన పెళ్లిచీర మగ్గం మీదే ఉంది.

నూలు చీరకు పట్టు అంచు కలిపి నేయాలంటే ఒక్కరు చాలరు. పక్కన కూర్చుని, అడ్డపోగు తిప్పే రెండో నాడె అందించే మనిషి ఉండాలి. ఇన్నాళ్లూ ఆ పని భాగ్యమ్మది. ఇప్పుడు ఆమె భర్త చోట కూర్చుంది. పక్క చోటు ఖాళీ.

దారం తెగుతోంది. ముడి వేస్తే మళ్లీ తెగుతోంది. ఏడుపు ఆగడం లేదు.

ఒకనాడు గుమ్మంలో ఒక నడివయసు మనిషి నిలబడింది.

“చెన్నయ్య ఉన్నడా బిడ్డా?”

“లేడు పెద్దమ్మా, సచ్చిపోయిండు. నేనే నేస్తున్న. ఈ చీర దిగితెనే మగ్గం నాకుంటది. ఏం పనిమీదొచ్చినవ్?”

ఆమె చీర వంక చాలాసేపు చూసింది.

“ఏం లేదు. చుట్టాలింటికొచ్చిన. జర నీళ్లియ్యి.”

తాగి, ఖాళీ చోట కూర్చుంది. “ఏం జేయాల్నో చెప్పు.”

రోజూ వచ్చేది. సాయం సాయమే, సతాయింపు సతాయింపే.

“అంచు వంకర పోయింది బిడ్డా, ఇప్పు.”

విప్పీ విప్పీ విసుగెత్తిన భాగ్యమ్మ ఒకనాడు కసిరింది. “కట్టుకునేది నీ బిడ్డనా? నీకెందుకంత పరేషాన్?”

ఆమె వంకర అంచు విప్పింది. నాడె అందించింది.

రోజులు గడిచేకొద్దీ దారం తెగడం తగ్గింది. ఏడుపూ తగ్గింది. ఎప్పుడు తగ్గిందో భాగ్యమ్మకే తెలియదు.

చీర దిగిన రోజున ఆ పెద్దమ్మ లేచి, “ఇగ నీ చెయ్యి నడుస్తది,” అని వెళ్లిపోయింది. ఆ సంబరంలో భాగ్యమ్మ పేరైనా అడగలేదు.

వెంకట్రాములు మళ్లీ మగ్గం మాట ఎత్తలేదు.

మూడోనాడు భాగ్యమ్మ చీర తీసుకుని కొత్తకోట వెళ్లింది. పెళ్లివారింటికి తాళం వేసి ఉంది. పక్కింటి జంగమ్మ బయటికొచ్చింది.

“సుభద్రమ్మ లేదా? బిడ్డ పెండ్లి చీర తెచ్చిన.”

“ఏం పెండ్లి తల్లీ! పిల్ల గత్తర రోగమొచ్చి పోయి రెండు నెలలాయె. సుభద్రమ్మ నిన్ననే రాయచూరుకు, తమ్ముని దగ్గరికి పోయింది. ఇగ రాదంట.”

“మరి నాకు ఎవరూ చెప్పకపోతిరి?”

“అయ్యో, చీర నెయ్యొద్దని చెప్పొస్త అని ఆమెనే గద్వాలకు పోయి, నెల దినాలు ఆడ్నే ఉండిపాయె గద!”