నెల్ ఇంటికొచ్చింది

ఊళ్లో కొత్త సినిమా బొమ్మ పడిన రెండో రోజుకే లెమ్యూల్ దగ్గర పాలు పోయించుకునేవాళ్లు కరువయ్యారు.

తెర మీద నెల్ అనే పల్లెటూరి పిల్ల, పట్నంలో మోసపోయి చంటిబిడ్డతో తిరిగొస్తుంది. తండ్రి తలుపు తియ్యడు. తల్లీబిడ్డా మంచులోనే ప్రాణాలు వదులుతారు. ఆ తండ్రిది అచ్చం లెమ్యూల్ మీసమే. లెమ్యూల్ గూనే.

"కసాయోడా! పిల్లని గెంటడానికి చేతులెలా వచ్చాయి నీకు? ఉప్పు లేదు, ఫో!" అంది కొట్టు నడిపే హెట్టీ.

"అది ఉట్టి బొమ్మ, హెట్టీ!"

"బొమ్మయితే? కన్నబిడ్డ కన్నబిడ్డ కాకపోతుందా?"

చర్చిలో అతను కూర్చున్న బల్ల మీంచి అందరూ లేచిపోయారు. మంగలి కత్తి నూరుతూ, "గడ్డం గియ్యనా, గొంతు కొయ్యనా?" అన్నాడు.

లెమ్యూల్ ఆవుదూడని అమ్మేసి హాలీవుడ్ రైలెక్కాడు. దారంతా తనని తానే తిట్టుకున్నాడు. ఆ తలుపు తీసుంటే ఏం పోయేది?

"అయ్యా, ఆ పిల్లని ఇంటికి రానివ్వండి. ఊళ్లో తలెత్తుకోలేకపోతున్నా" అని డైరెక్టర్ కాళ్లావేళ్లా పడ్డాడు.

డైరెక్టర్ అతన్ని చూసి ఎగిరి గంతేశాడు. "ఆ ముగింపు చూసి జనం కుర్చీలు విరగ్గొడుతున్నారు. మార్చి తీద్దామంటే తండ్రి వేషగాడు కాలు విరగ్గొట్టుకుని ఆస్పత్రిలో పడున్నాడు. పెద్దాయనా, నువ్వే తియ్యవయ్యా తలుపు!"

మండుటెండలో కోడి ఈకలు చల్లి ఇదే మంచు అన్నారు. లెమ్యూల్ తలుపు తీశాడు. "రా తల్లీ! చలిలో ఎంతసేపున్నావే!" అని భోరుమన్నాడు. మూగ బొమ్మలో మాటలు వినపడవని డైరెక్టర్ మొత్తుకున్నా ఆపలేదు.

కొత్త ముగింపు ఊళ్లోకి వచ్చింది. హాలంతా వెక్కి వెక్కి ఏడ్చింది. మంగలి పిలిచి మరీ గడ్డం గీశాడు. హెట్టీ వేడివేడిగా ‘ఆపిల్ పై’ కాల్చి పట్టుకొచ్చింది.

"ఎలా ఉందయ్యా నెల్? బిడ్డకి పాలు చాలుతున్నాయా?"

"చాలుతున్నాయమ్మా. వెచ్చగా ఉంటుందని పొయ్యి పక్క గది ఇచ్చా" అన్నాడు లెమ్యూల్ కళ్లు తుడుచుకుంటూ.

ఆజన్మ బ్రహ్మచారికి కూతురెక్కణ్ణుంచి వచ్చిందన్న ప్రశ్న ఆ ఊళ్లో ఎవరికీ, ఆఖరికి లెమ్యూల్‌కి కూడా, తట్టనే లేదు.