చెయ్యెత్తితే

లారీ దానంతట అదే నడుస్తుంది. ఇలాంటి పాత రకం లారీని మనిషి లేకుండా పంపడానికి చట్టం ఒప్పుకోదు కాబట్టి సీట్లో పెంచలయ్య కూర్చుంటాడు. అతను పనిచేసే ఆన్‌లైన్ బజారు కంపెనీ లారీల్లో ఆ మాత్రం మనిషి ఉన్నవి చాలా తక్కువ. దారిలో ఆగడం లేదు. ఆగేవాళ్లు లేక హోటళ్లన్నీ మూతపడ్డాయి.

పాత అలవాటు మాత్రం పోలేదు. ఎదురుగా లారీ వస్తే డ్రైవర్‌ను పలకరించడానికి చెయ్యెత్తుతాడు. ఖాళీ సీట్లు దాటిపోతుంటాయి.

ఒక ఉదయం కావలి దగ్గర ఎదురు లారీ రెండుసార్లు లైట్లు కొట్టింది. ఎండకు అద్దం మెరిసి లోపల ఎవరున్నదీ కనబడలేదు. పెంచలయ్య భార్యకు ఫోన్ చేశాడు.

"రమణమ్మా, ఒకడు పలకరించినాడే!"

"ఎవురయ్యా?"

"ఎవురో. మనోడే."

తర్వాతి లారీ కూడా రెండుసార్లు కొట్టింది. దాని సీటు ఖాళీ. ఆ తర్వాతిదీ అంతే. అప్పుడు తను కూర్చున్న లారీ తియ్యగా చెప్పింది: "మీ అలవాటు గమనించాం. ఇకపై మీరు చెయ్యెత్తిన ప్రతిసారీ మన లారీలు జవాబిస్తాయి."

"నీ జవాబు ఎవురికి కావాలే!" అని పెంచలయ్య చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. నెలరోజులు మళ్లీ ఎత్తలేదు. లైట్లూ ఆగిపోయాయి.

ఒక మధ్యాహ్నం నాయుడుపేట దాటాక ఎదురు లారీలో ఒక ముసలాయన కనిపించాడు. సీట్లోంచి సగం లేచి, చెయ్యెత్తి ఊపుతున్నాడు.

పెంచలయ్య చెయ్యి లేచేసరికి ఆ లారీ దాటిపోయింది. దాని వెనక వస్తున్న ఖాళీ లారీ రెండుసార్లు లైట్లు కొట్టింది.