చుక్కమ్మ వేసిన బాట

గింజను వాసన చూసి లోపల ఏముందో చెప్పడంలో చుక్కమ్మ అనే చీమ దిట్ట. మంచి గింజ దొరికితే, అక్కడి నుంచి పుట్టదాకా తన వాసన పూస్తూ బాట వేసేది. ఆ బాటన నడిచిన ప్రతి చీమా తన వాసన కూడా కలిపేది. బాట ఎంత ఘాటైతే పుట్టలో అంత పేరు.

ఈసారి నూకల కుప్పకు వేసిన బాట మీద చీమలు బారులు తీరాయి. చుక్కమ్మకు మాత్రం మనసు కుదురుగా లేదు. వెళ్ళి నూకలను మళ్ళీ వాసన చూసింది. అడుగున విషం!

ఆగమేఘాల మీద వెనక్కి పరుగెత్తింది. "వెళ్ళకండర్రా! నేను పొరపడ్డాను!"

"తప్పుకో పిన్నీ," అంది ఒక చీమ తల ఎత్తకుండానే. "ఇది చుక్కమ్మ బాట. ఇంతమంది నడిచింది తప్పవుతుందా?"

"ఆ చుక్కమ్మను నేనేనే!"

"అయితే ఇంకా భయమెందుకూ?" అని నవ్వి దాటిపోయింది.

దాని వెనకే చుక్కమ్మ కూతురు. "నీ వాసనే కదమ్మా అని కళ్ళు మూసుకుని వచ్చేశాను."

చుక్కమ్మ గబగబా మట్టి గీరి తన బాటను తనే పూడ్చసాగింది. వాసన తెగిన చోట వరుస తడబడి ఆగింది.

"ఎవరే ఆ ఓర్వలేనిది?" అని వెనక నుంచి చీమలు అరిచాయి. "చుక్కమ్మ బాటను పాడుచేస్తోంది!"