చీపురుపుల్ల లేని ఫైనల్

"సార్, శుక్రవారం దాకా ఉంటాను. మీరు ఒక్క మాట చెప్పండి, చాలు."

కోచ్ తలెత్తలేదు. బంతికి గాలి కొడుతున్నాడు. పంపు ముసలిది. పదిసార్లు నొక్కితే రెండుసార్ల గాలి లోపలికి పోతుంది, మిగతాదంతా దగ్గే.

అడుగుతున్నవాడు చీపురుపుల్ల. అసలు పేరు రిజిస్టర్లో ఉంది గానీ మైదానంలో దాంతో ఎవరికీ పనిలేదు. పదిహేడేళ్ళు. ఊదితే ఎగిరిపోయే ఒళ్ళు. కాలికి బంతి తగిలిందంటే మాత్రం అవతలివాళ్ళకి పట్టపగలే చుక్కలు కనిపిస్తాయి. ఆ ఏడాది జట్టు కొట్టిన పద్నాలుగు గోల్స్‌లో పదకొండు వాడివే.

వాడిని పంపించెయ్యమని సోమవారం కాగితాలు వచ్చాయి. బుధవారం వాళ్ళక్క వచ్చి తీసుకెళ్తుంది. శుక్రవారం ఫైనల్.

"రెండ్రోజులే కదా సార్. కప్పు కొట్టి వెళ్తాను."

ఆ రెండ్రోజుల సంగతి కోచ్‌కి తెలియంది కాదు. పొద్దున్నే ఆఫీసు గుమాస్తా చెవిలో ఊదాడు. "మీరు ఊఁ అనండి. ఫైలు నా బల్లమీద నిద్రపోతుంది. శనివారం లేపుదాం."

కోచ్ ఊఁ అనలేదు. ఊహూఁ అని కూడా అనలేదు. అదే పొద్దున్నుంచీ ఆయన్ని తినేస్తోంది.

దేశంలో ప్రతి పిల్లకీ, ప్రతి పిల్లాడికీ బంతి అందాలని పన్నెండేళ్ళ కిందట ఫుట్‌బాల్ సంఘం ఒక పథకం పెట్టింది. మిగతా కోచ్‌లెవరూ వెళ్ళనన్న చోటికి ఈయన్ని వేసింది. పన్నెండేళ్ళలో ఒక్క కప్పు లేదు. చేతికందిన ప్రతివాడూ, ఆట కాస్త వంటబట్టే వేళకి వెళ్ళిపోతాడు. మళ్ళీ కొత్తవాళ్ళు, మళ్ళీ ఓనమాలు. "బొటనవేలితో కాదురా, పాదం లోపలి పక్కతో తన్ను." ఈ ముక్క ఎన్ని వేలసార్లు చెప్పాడో ఆయన గొంతుకే తెలుసు.

సంఘంవాళ్ళు ఏటా ఒక ఫారం పంపుతారు. బయట ఆడిన మ్యాచ్‌లు ఎన్ని? సున్నా. మీ దగ్గర నేర్చుకున్నవారు ప్రస్తుతం ఎక్కడ ఆడుతున్నారు? తెలియదు.

ఒకసారి సంఘం ఆఫీసు నుంచి కొత్తగా చేరిన కుర్రాడెవరో ఫోన్ చేశాడు. "అదేంటండీ, ఇంతమందిని తయారుచేశారు. ఒక్కడైనా మిమ్మల్ని చూడ్డానికి రాడా?"

"రాకపోతేనే నయం బాబూ" అన్నాడు కోచ్.

పాపం, మనసు విరిగిపోయిందనుకున్నాడు ఆ కుర్రాడు.

బంతి గట్టిపడింది. కోచ్ మోకాళ్ళు పట్టుకుని లేచాడు. చీపురుపుల్ల ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు.

"ఏం, నువ్వు లేకపోతే ఇక్కడ ఆట ఆగిపోతుందా? పోయి బట్టలు సర్దుకో."

"సార్, అది కాదు..."

"మీ అక్క వస్తే ఒక్క గంట కూడా కూర్చోబెట్టకు. ఇంకోసారి నా కంటపడ్డావంటే కాళ్ళు విరగ్గొడతాను."

వాడి కళ్ళు నిండాయి. వంగి కాళ్ళకి దండం పెట్టబోయాడు. కోచ్ అటు తిరిగి జెండాలు పీకడం మొదలుపెట్టాడు.

ఫైనల్ కూడా వాళ్ళ మైదానంలోనే జరిగింది. అయినా మూడు సున్నాతో ఓడిపోయారు. "మీ పుల్ల ఉండుంటే మా పని అయిపోయేది" అన్నాడు అవతలి కోచ్, చెయ్యి కలుపుతూ. గుమాస్తా అయితే అలిగి నాలుగు రోజులు మొహం చాటేశాడు.

నాలుగు నెలలు గడిచాయి.

ఒక ఆదివారం, కాలు ఊడిన స్టూలు చంకన పెట్టుకుని కోచ్ వడ్రంగి కొట్టుకి వెళ్ళాడు. లోపల మూలన ఎవరో తలుపుచెక్కని ఉప్పుకాగితంతో రుద్దుతున్నాడు. జుట్టు నిండా రంపపు పొట్టు. కింద పడున్న చెక్కముక్కని, తనకే తెలియకుండా, పాదం లోపలి పక్కతో అటూ ఇటూ నెడుతున్నాడు.

తలెత్తాడు. చెయ్యి ఆగిపోయింది.

వడ్రంగి ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "ఏరా, సారు నీకు తెలుసా?"

"తెలీదన్నా."

"మీకేమైనా తెలిసినవాడా సార్?"

"లేదయ్యా, ఎవరో అనుకున్నాను" అన్నాడు కోచ్. స్టూలు కిందకి దించి, "పనెలా చేస్తాడు?" అని అడిగాడు.

"బంగారం సార్. వాళ్ళక్క తెచ్చి అప్పజెప్పింది. చెప్పిన టైముకి వస్తాడు, చెప్పింది చేస్తాడు. పై నెల్నించి రంపం చేతికిద్దామనుకుంటున్నా."

కోచ్ స్టూలు అప్పగించి వెనక్కి చూడకుండా నడిచాడు. వీధి మలుపు తిరిగాక ఎవరిదో ప్రహరీ గోడకి ఆనుకుని కాసేపు నిలబడ్డాడు.

భోజనం దగ్గర భార్య అడిగింది. "ఏంటండీ, మొహం అలా ఉంది?"

"పుల్ల కనిపించాడే."

ఆవిడ చేతిలో గరిటె ఆగిపోయింది. "ఎక్కడ?"

"వడ్రంగి కొట్లో. పనిచేస్తున్నాడు."

"పలకరించాడా?"

"నేనెవరో తెలీదన్నాడు."

"హమ్మయ్య" అంది ఆవిడ. ఆయన కంచంలో ఇంకో గరిటెడు అన్నం వడ్డించింది. కోచ్ కూడా చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నాడు.

మర్నాడు ఉదయం ఎప్పటిలాగే గేటు దగ్గర సెల్‌ఫోన్ అప్పగించి, వెనకాల రెండు తలుపులకీ తాళాలు పడ్డాక, కొత్తగా శిక్షపడి వచ్చిన ఏడుగురికి ఆట నేర్పడానికి ఆయన పిల్లల జైలు మైదానంలోకి నడిచాడు.