కార్డు మార్చాల్సిందే

“చచ్చాను! మళ్ళీ చచ్చాను!”

ఉదయ్ కుమార్ ముందుగదిలోంచి అరిచాడు. వంటింట్లో అతని భార్య సౌజన్య తాపీగా పోపు వేసుకుంటోంది. రోజూ చచ్చే మొగుడితో కాపురం చేసేదానికి కంగారేముంటుంది?

“నా తప్పు కాదు,” అన్నాడు, ఆమె అడక్కపోయినా. “శత్రువు ఎదురుగా వచ్చేసరికి తెర మీద బొమ్మ ఆగిపోతోంది. మళ్ళీ కదిలేసరికి నేను శవం. గ్రాఫిక్స్ కార్డు ముసలిదైపోయింది. మార్చాల్సిందే.”

“గ్రాఫిక్స్ కార్డంటే?”

“ఆటలో బొమ్మల్ని పరిగెత్తించేది అదే. అయినా నీకు చెప్పడం నాదే బుద్ధి తక్కువ.”

ఉదయ్ కుమార్‌కి తెలియని విషయం గుంటూరు జిల్లాలో లేదు. చేసేది నల్లపాడు దగ్గర కోల్డ్ స్టోరేజిలో మిర్చి టిక్కీ బస్తాలు లెక్కపెట్టే గుమాస్తా పని. కానీ మేనేజరుకి చల్లదనం గురించి పాఠం, సరుకు తెచ్చిన రైతుకి మిరప గురించి పాఠం, పెళ్ళానికి పోపు గురించి పాఠం. కంప్యూటర్ కొన్నప్పుడు షాపువాళ్ళు బిగించి ఇస్తామన్నారు. “మీరు బిగిస్తే ఇక నేనెందుకు?” అని సామానంతా ఇంటికి మోసుకొచ్చి, రెండేళ్ళ కిందట తనే బిగించాడు మహానుభావుడు. అప్పట్నుంచీ దాని మీద ఇంకో చెయ్యి పడనివ్వలేదు.

“ఇప్పుడు అంత డబ్బెక్కడిదండీ?”

“మీ నాన్న పంపింది ఉందిగా.”

సౌజన్య చేతిలో గరిటె ఆగిపోయింది. దాచేపల్లి దగ్గర ఆమె తండ్రి చలమయ్య పత్తి అమ్మి ఆ డబ్బు పంపింది కూతురు పికో మిషన్ కొనుక్కుంటుందని. పాత మిషన్ మోటారు కాలిపోయి మూలపడింది. చీరలకి ఫాల్ కుట్టి, అంచుకి పికో చేసి ఆమె సంపాదించే నాలుగు రాళ్ళూ ఆగిపోయాయి. పెళ్ళిళ్ళ రోజులు. చీరలు ఇచ్చినవాళ్ళు ఫోన్ల మీద ఫోన్లు. ఈ వారం మిషన్ రాకపోతే వాళ్ళంతా వెనకవీధి కోటేశ్వరి దగ్గరికి పోతారు. అలా పోయినవాళ్ళు మళ్ళీ తిరిగి చూడరు.

“అది మిషన్ డబ్బండీ!”

“మిషన్ ఎక్కడికీ పారిపోదు. ఆదివారం మాకు సెమీఫైనల్. మళ్ళీ బొమ్మ ఆగిందంటే జట్టులోంచి తీసేస్తామన్నారు. నా పరువు కంటే నీ చీరల అంచులు ఎక్కువా?”

“పోనీ, ముందు పాతది ఎవరికైనా చూపించండి. అసలది పనిచేస్తోందో లేదో...”

ఉదయ్ కుమార్ నవ్వాడు. ఆ నవ్వు చూస్తే ఎంతటి శాంతమూర్తికైనా లాగి ఒకటిచ్చుకోవాలనిపిస్తుంది.

“రెండేళ్ళుగా రోజూ ఆడుతున్నాను. పనిచేయకుండానే బొమ్మ వస్తోందా? నీ తెలివి తెల్లారినట్టే ఉంది. నువ్వు సూదీ దారం చూసుకో, ఇవన్నీ నాకొదిలెయ్.”

“పాతది అమ్ముతారుగా, ఆ డబ్బన్నా నాకిస్తారా?”

“దాంతో హెడ్‌ఫోన్లు కొనాలి.”

ఇవ్వనంటే ఇల్లు పీకి పందిరేస్తాడు. సౌజన్య బీరువా తాళాలు తెచ్చి టేబుల్ మీద గిరాటేసింది.

శనివారం కొత్త కార్డు వచ్చింది. అదే పూట చీరలవాళ్ళూ వచ్చారు. కుట్టని చీరలు కుట్టనట్టే మూటగట్టుకుని, కోటేశ్వరి ఇంటివైపు నడిచారు. గుమ్మంలో నిలబడి చూస్తున్న సౌజన్యకి ఏడుపు తన్నుకొచ్చింది. ఉదయ్ కుమార్ తలెత్తితే కదా, కొత్త పెట్టె అట్ట చింపుకోవడంలో ఉన్నాడు.

పాత కార్డు కొనుక్కోవడానికి అతనితో పనిచేసే నాగూర్ వలి వచ్చాడు. ఉదయ్ కుమార్ టేబుల్ కిందకి చెయ్యి పోనిచ్చి, వైర్లన్నీ చూడకుండానే తడిమి పీకేసి, సీపీయూని బయటికి లాగాడు. మూత తెరిచి, పాత కార్డు ఊడదీసి, వలి చేతిలో పెట్టాడు.

“ఏరా ఉదయ్, కొత్తదానిలా ఉందే! ఎండాకాలం బాగా వేడెక్కుతుందా?”

“మన గుంటూరు ఎండలకే ఒక్కసారీ వేడెక్కలేదు. ఎంతసేపు ఆడినా దాని ఫ్యాను చప్పుడే వినపడదు. వస్తువు వాడటం తెలియాలిరా!”

“నాకు బిగించడం రాదు. కాస్త చెప్పరాదూ.”

ఎవరన్నా ఆ మాట అడిగితే చాలు, ఇతనికి పండగే. కొత్త కార్డు పైకెత్తి పట్టుకుని, ముందురోజు వీడియోలో విన్న ముక్కలన్నీ తన సొంత తెలివిలా దంచడం మొదలెట్టాడు.

“ఇదిగో, కార్డు వెనక ఈ సాకెట్లున్నాయే, దుమ్ము పోకుండా వీటికి మూతలు పెట్టి ఇస్తారు. ఒక మూత పీకి, మానిటర్ వైరు ఇందులోనే గుచ్చాలి. కొందరు దద్దమ్మలు సీపీయూకి పైన ఇంకో సాకెట్ కనబడింది కదా అని దాన్లో గుచ్చుతారు. బొమ్మ వస్తుంది. కానీ కార్డు మాత్రం లోపల ఊరికే కూర్చుంటుంది.”

“అలాంటివాళ్ళు కూడా ఉంటారట్రా?”

“బోలెడుమంది! ఆ మొహాలకి కంప్యూటరెందుకు చెప్పు?”

ఇద్దరూ పడీపడీ నవ్వారు. నవ్వుతూనే వలి తన చేతిలోని పాత కార్డుని సౌజన్యకి అందించాడు.

“ఏదన్నా సంచిలో పెట్టివ్వమ్మా.”

ఆమె దాన్ని తీసుకుని, వెనక్కి తిప్పింది.

పాత కార్డుకి మూతలన్నీ అలాగే ఉన్నాయి.