మార్తమ్మగారి ఫ్రెంచి పాఠం

"జ మాపెల్..." అని ముసలావిడ మళ్ళీ అక్కడే ఆగిపోయింది.

"మార్త్," అని అందించింది హేమ. "జ మాపెల్ మార్త్. నా పేరు మార్త్ అని. మార్తమ్మనే ఫ్రెంచివాళ్ళు అలా అంటారండి."

"ఆయ్," అని తలూపింది గానీ, ఆ మాట మాత్రం ఆవిడ నోట రాలేదు.

హేమకి అదే అంతుపట్టడం లేదు. యానాంలో పుట్టిన తేదీ, పెళ్ళయిన సంవత్సరం, భర్త ఫ్రెంచి సైన్యంలో పనిచేసిన ఊళ్ళు, నాలుక తిరగని వాక్యాలన్నీ వారం రోజుల్లో గడగడా అప్పజెప్పేస్తోంది ఆవిడ. తన పేరు దగ్గరికొచ్చేసరికి మాత్రం గొంతులో ముల్లు గుచ్చుకున్నట్టు ఆగిపోతుంది.

హేమ అమలాపురంలో పన్నెండో తరగతి చదువుతోంది. బడి మొత్తంలో ఫ్రెంచిని పై స్థాయిలో తీసుకున్నది తనొక్కతే. పుస్తకంలో ఫ్రెంచి చాలదు, మనుషులతో మాట్లాడితేనే వస్తుందని రాజ్యలక్ష్మి టీచరు ఒకటే పోరు. మాట్లాడ్డానికి ఇక్కడెవరు దొరుకుతారని హేమ దిగులుపడుతుంటే, ప్రేమ్ కుమార్ అనే ఆయన బడికి వచ్చాడు. ఈమధ్యే రాజోలు నుంచి అమలాపురం వచ్చి అద్దెకుంటున్నారట.

"మా పిన్నికి ఎనభయ్యేళ్ళు దాటేయండి. బాబాయి పోయేక ఫ్రాన్సు నుంచి పెన్షనొస్తోంది. ఏటా బతికే ఉన్నానని కాగితం పంపితే సరిపోయేదండి. ఈ ఏడు మాత్రం వీడియోలో చూసి మాట్లాడతామంటున్నారు. చిన్నప్పుడు బాగా మాట్లాడేదట గానీ ఇప్పుడన్నీ మర్చిపోయింది. నాలుగు ముక్కలు గుర్తుచేస్తే చాలండి," అన్నాడు టీచరుతో.

టీచరు హేమని పంపింది.

మొదటి రోజే హేమ కంగుతింది. ముసలావిడ తనకి కుర్చీ వేసి, తాను గచ్చుమీద చతికిలబడింది.

"అయ్యో, మీరు కింద కూర్చోవడమేంటండీ."

"నాకిదే అలవాటమ్మా. నువ్వు కూర్చో."

హేమకి మనసొప్పక తనూ కిందే కూర్చుంది. వెళ్ళేటప్పుడు టీ గ్లాసు కడగబోతే ఆవిడ చప్పున లాక్కుని పెరట్లోకి పట్టుకుపోయింది. ఫ్రాన్సులో కాపురం చేసొచ్చిన మనిషికి ఇంత అణకువేమిటని హేమ ఇంటికెళ్ళి అమ్మతో చెప్పింది కూడా.

రానే వచ్చింది ఆ రోజు. మధ్యాహ్నం రెండున్నర. ప్రేమ్ కుమార్ ఆవిడకి పట్టుచీర కట్టించి, బలవంతాన కుర్చీలో కూర్చోబెట్టి, ఎదురుగా ఫోను నిలబెట్టాడు. పక్కన హేమ. తెరమీద నెరిసిన జుట్టాయన ప్రత్యక్షమై, మర్యాదగా పలకరించి, పేరడిగాడు.

ముసలావిడ పెదవులు కదిలాయి. మాట రాలేదు. ఫోను వెనక నిలబడ్డ ప్రేమ్ కుమార్ మొహం పాలిపోయింది.

"జ మాపెల్ మార్త్," అంది ఆవిడ, గంట కొట్టినట్టు.

ఆ తర్వాత ఒక్కచోట కూడా తడబడలేదు. తేదీలు, ఊళ్ళు అన్నీ సరిపోయాయి. ఇక అయిపోయిందనుకుంటుండగా, ఆ అధికారి కాగితం పక్కన పెట్టి, మీ ఆయనకి ఏం తినడం ఇష్టమని అడిగాడు. ఇది నేర్పని ప్రశ్న. హేమ కంగారుగా దాన్ని ఆవిడకి తెలుగులో చెప్పింది.

ముసలావిడ మాత్రం కాస్త కూడా ఆలోచించలేదు. "రొయ్యలు, వంకాయ కూర. కొబ్బరిపాలు పొయ్యాలి. కారం తగ్గించాలి, ఆయనగారికి కడుపులో మంట. ముప్పయ్యేళ్ళు నా చేత్తోనే వండిపెట్టేను."

హేమ ఆ మాటలన్నీ ఫ్రెంచిలో చెబుతుంటే ఆయన నవ్వాడు. నవ్వి, చూపు హేమవైపు తిప్పాడు. ఈవిడే మార్త్ అని మీరు సాక్ష్యం చెప్పగలరా అని అడిగాడు.

సాక్ష్యం సంగతి హేమతో ఎవరూ అనలేదు. ప్రేమ్ కుమార్ వైపు చూసింది. ఆయన తలూపాడు. రోజూ ఎదురుగా కూర్చుని చూస్తున్న మనిషే కదా, భయమెందుకనుకుంది. తనకొచ్చిన ఫ్రెంచిలో అన్నిటికంటే అందమైన వాక్యం ఏరుకుని మరీ చెప్పింది: బాగా ఎరుగుదును, ఈవిడే మార్త్.

ఆయన హేమ పేరు, బడి పేరు ఒక్కో అక్షరం అడిగి రాసుకున్నాడు. కృతజ్ఞతలు చెప్పి తప్పుకున్నాడు.

ప్రేమ్ కుమార్ చెమట తుడుచుకుని, "గట్టెక్కించేవమ్మా. ఉండు, పూతరేకులు పట్టుకొస్తాను," అంటూ బండి తీసుకుని బయటికి వెళ్ళాడు.

హేమ కాళ్ళు నేలమీద లేవు. నిజం ఫ్రెంచివాడితో ఇంతసేపు మాట్లాడిందంటే రాజ్యలక్ష్మి టీచరు నమ్ముతుందా అనుకుంటూ ఇటు తిరిగి చూస్తే, ముసలావిడ కుర్చీ దిగి గచ్చుమీద కూర్చుని ఉంది. కళ్ళనీళ్ళు ధారలు కడుతున్నాయి.

"ఎందుకండీ ఏడుస్తున్నారు? ఎంత బాగా చెప్పేరని."

"ఇంకొక్క మాట నేర్పుతావా అమ్మా? తప్పయిపోయింది, క్షమించండి అనాలంటే వాళ్ళ భాషలో ఏమంటారు?"

"పార్దొన్ అంటారండి. మగవాళ్ళయితే పార్దొన్ మొస్యో, ఆడవాళ్ళయితే పార్దొన్ మదామ్."

"పార్దొన్ మదామ్," అంది ముసలావిడ. ఒక్కసారికే వచ్చేసింది. కళ్ళు మూసుకుని మళ్ళీ అంది, "పార్దొన్ మదామ్."

"ఎవరికండీ చెప్పడం?"

"మార్తమ్మగారికి."

హేమకి నవ్వొచ్చింది. "అదేంటండీ, మార్తమ్మగారు మీరే కదా."

ముసలావిడ కొంగుతో మొహం తుడుచుకుని, హేమ చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది.

"ఆవిడ పోయి నాలుగేళ్ళయిందమ్మా."